ఫోన్‌లో మీ వేలిముద్ర భద్రంగా ఉందా? ఇంట్లోనే సరిచూసుకునే పద్ధతి

"ఫోన్‌లో వేలు పెడితే నా ఆధార్ వేలిముద్ర కంపెనీ వాళ్లకు వెళ్లిపోతుందా?" ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడగని వారం లేదు. పెళ్లిలో భోజనాల దగ్గర అడుగుతారు, బస్సులో పక్క సీటువాళ్లు అడుగుతారు, ఫోన్ చేసి మరీ అడుగుతారు. ప్రతిసారీ సగం సగం చెప్పే బదులు అన్నీ ఒకచోట వరుసగా రాస్తున్నాను. ఫోన్ చేతిలో పెట్టుకుని చదవండి, చదువుతూనే చేయండి.

ముందు ఆ ప్రశ్నకు జవాబు. ఐఫోన్ గానీ, పేరున్న కంపెనీ ఆండ్రాయిడ్ ఫోన్ గానీ మీ వేలి ఫొటోను గ్యాలరీలో ఫొటోలా దాచుకోదు. వేలి గీతల నుంచి లెక్కగట్టిన ఒక గుర్తును ప్రాసెసర్‌లో విడిగా తాళం వేసిన భాగంలో పెట్టుకుంటుంది. అది గూగుల్ బ్యాకప్‌లోకి వెళ్లదు, ఐక్లౌడ్‌లోకీ వెళ్లదు. కొత్త ఫోన్ కొన్నప్పుడు ఫొటోలు, కాంటాక్టులు అన్నీ దిగిపోతాయి గానీ వేలిముద్ర మాత్రం మొదటి నుంచి మళ్లీ వేయాల్సి వస్తుంది, గమనించారా? కారణం అదే. బ్యాంకు యాప్ అడిగినా ఫోన్ దానికి "కలిసింది" లేదా "కలవలేదు" అనే చెబుతుంది, వేలిముద్ర ఇవ్వదు. ఆధార్‌లో ఉన్న ముద్రకూ ఫోన్‌లో ఉన్న గుర్తుకూ సంబంధం లేదు.

అయితే జాగ్రత్త పడాల్సినవి వేరే మూడు ఉన్నాయి: మీ ఫోన్‌లో ఎవరెవరి వేళ్లు ఎక్కి ఉన్నాయి, మీ పిన్ ఎవరెవరికి తెలుసు, ఫోన్ బయట మీ బొటనవేలి ముద్ర ఎక్కడెక్కడ పడింది.

మా పెద్దత్తయ్య ఫోన్ ఒకసారి చూస్తే అందులో నాలుగు వేలిముద్రలు ఉన్నాయి. రెండు ఆవిడవి. ఒకటి మనవడిది, గేమ్స్ కోసం వేసుకున్నాడు. నాలుగోది ఎవరిదో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. బాగా ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఫోన్ కొన్న రోజు సెల్ షాపులో కుర్రాడు "ఇలా పనిచేస్తుందమ్మా" అంటూ తన వేలు పెట్టి చూపించాడు, తీసేయడం మర్చిపోయాడు. మూడేళ్లుగా ఆ వేలు అందులోనే ఉంది. ఆ అబ్బాయి మనసులో ఏ దురుద్దేశమూ లేదని నమ్ముతాను. కానీ అదే ఫోన్‌లో ఆవిడ పెన్షన్ డబ్బు పడే బ్యాంకు యాప్ ఉంది, అదీ వేలితోనే తెరుచుకుంటుంది.

కావలసినవి

- మీ ఫోన్, కనీసం సగం ఛార్జింగ్‌తో
- ఆధార్‌కు లింక్ అయిన నంబరు ఉన్న సిమ్ (చివరి అంచెకు ఓటీపీ వస్తుంది)
- ఒక కాగితం, పెన్ను
- శుభ్రంగా కడిగి తుడుచుకున్న చేతులు
- పరీక్ష కోసం ఇంట్లో ఇంకొక మనిషి
- ముప్పావు గంట తీరిక

1. ముందు పిన్ మార్చండి

చాలామంది తిన్నగా వేళ్లు తీసేసే పని మొదలుపెడతారు. పని జరగదు. పిన్ తెలిసినవాళ్లు పది నిమిషాల తర్వాత మళ్లీ తమ వేలు ఎక్కించుకోగలరు, ఎందుకంటే కొత్త వేలు చేర్చేటప్పుడు ఫోన్ అడిగేది పిన్నే. వేలిముద్ర పక్క తలుపైతే పిన్ సింహద్వారం. అందుకే సింహద్వారం తాళం ముందు మారాలి.

సెట్టింగ్స్ తెరిచి పైన వెతికే చోట "స్క్రీన్ లాక్" అని కొట్టండి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు కింద పెడుతుంది, వెతుక్కోవడమే తేలిక. కొత్త పిన్ ఆరు అంకెలు ఉండాలి. పుట్టిన సంవత్సరం, బండి నంబరు, పెళ్లిరోజు వద్దు, ఇంట్లో వాళ్లు మొదట ప్రయత్నించేవి అవే. ప్యాటర్న్ గీత వాడుతుంటే మానేయమనే నా సలహా. అద్దం మీద వేలి జిడ్డు గీత అలాగే ఉండిపోతుంది, వెలుతురుకు వాల్చి చూస్తే కనబడుతుంది.

హెచ్చరిక: కొత్త పిన్ కాగితం మీద రాసి ఓ వారం బీరువాలో పెట్టుకోండి. మర్చిపోతే ఫోన్ మొత్తం చెరిపేయడం తప్ప దారి ఉండదు, బ్యాకప్ లేని ఫొటోలు పోతాయి. వారం తర్వాత నోటికి వస్తుంది, అప్పుడు కాగితం చింపేయండి.

ఇంకొక మాట. ఫోన్ పిన్, యూపీఐ పిన్, ఏటీఎం పిన్ మూడూ ఒకటే పెట్టుకున్నవాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు. మీరూ అంతే అయితే మిగతా రెండూ ఈరోజే మార్చండి.

2. ఉన్న వేళ్లన్నీ తీసేయండి

సెట్టింగ్స్‌లో "ఫింగర్‌ప్రింట్" అని వెతకండి. పిన్ అడుగుతుంది, కొట్టగానే జాబితా వస్తుంది: ఫింగర్‌ప్రింట్ 1, ఫింగర్‌ప్రింట్ 2 అంటూ. ఈ పేర్లతో ఏ వేలు ఎవరిదో తెలియదు. టచ్ ఐడీ (వేలిముద్ర సెన్సర్) ఉన్న ఐఫోన్‌లో ఈ పేజీలో ఉండగా సెన్సర్ మీద వేలు పెడితే ఆ వేలి వరుస ఒక్క క్షణం రంగు మారుతుంది. సామ్‌సంగ్‌లో చేర్చిన వేళ్లను సరిచూసే ఆప్షన్ విడిగా ఉంటుంది. మీ ఫోన్‌లో అలాంటిది లేకపోతే మొహమాటం లేకుండా అన్నీ డిలీట్ చేయండి. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది, ఏ అనుమానమూ మిగలదు.

ఇక్కడ ఒక ఇబ్బంది వస్తుంది, తెలిసే రాస్తున్నాను. "నా వేలు ఎందుకు తీసేశావు" అని ఇంట్లో అడుగుతారు. భార్యాభర్తల మధ్య, పిల్లలతో అది చిన్న మాట కాదు. ఆపద వేళ ఫోన్ తెరవడానికి ఒకరి వేలు ఉండాలనుకుంటే ఉంచండి, తప్పులేదు. కాకపోతే అది మీరు ఆలోచించి, మీ చేత్తో చేర్చిన వేలై ఉండాలి. చిన్నపిల్లల వేళ్లు మాత్రం వద్దు. గేమ్ కోసం ఇచ్చిన అనుమతి యాప్ స్టోర్ కొనుగోలుకూ, బ్యాంకు యాప్‌కూ కూడా చెల్లుతుంది. ఫోన్‌కు వేలు కలిస్తే చాలు, అది ఎవరి వేలో యాప్‌కు తెలియదు.

3. మీ వేళ్లు సరిగ్గా ఎక్కించండి

రెండు వేళ్లు చాలు: కుడి బొటనవేలు, ఎడమ చూపుడువేలు. వేళ్లు పెరిగేకొద్దీ పొరపాటుగా కలిసే అవకాశమూ పెరుగుతుంది. టచ్ ఐడీలో ఒక్క వేలు చేర్చితే పరాయి వేలు పొరపాటున కలిసే అవకాశం 50,000లో ఒకటి అని ఆపిల్ చెబుతుంది. ఐదు వేళ్లు చేర్చితే ఆ లెక్క పదివేలలో ఒకటికి దిగుతుంది.

చేర్చేటప్పుడు వేలి మధ్య భాగమే కాదు, మీరు రోజూ ఫోన్ పట్టుకునే తీరులో కొస, పక్కలు కూడా ఆనించండి. చేయి తడిగా ఉన్నప్పుడు, పిండి కలిపి వచ్చినప్పుడు, ఒంటికి నూనె రాసుకున్నాక చేయొద్దు.

బీడీలు చుట్టేవాళ్లకు, సున్నం, సిమెంటు పనిచేసేవాళ్లకు, పొలం పనుల్లో ఉన్నవాళ్లకు వేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. ఒకే వేలిని రెండుసార్లు, రెండు వేర్వేరు వరుసలుగా ఎక్కించి చూడండి, తరచూ పనిచేస్తుంది. ఉంగరపు వేలు కూడా ప్రయత్నించండి, దానికి పని తక్కువ కాబట్టి గీతలు కాస్త మిగిలి ఉంటాయి. అయినా రాకపోతే బాధపడకండి. ఆరంకెల పిన్ వేలిముద్ర కంటే బలహీనమేమీ కాదు.

మీరు నిద్రలో ఉన్నప్పుడు మీ వేలు ఆనించి ఫోన్ తెరుస్తారన్న భయం ఉందా? ఆ భయం చెప్పుకోవడానికి చాలామంది సిగ్గుపడతారు, కానీ నన్ను చాటుగా అడిగిన ప్రశ్నల్లో ఎక్కువ దీని గురించే. సెన్సర్‌కు మెలకువా నిద్రా తేడా తెలియదు. మీ పరిస్థితి అదైతే వేలిముద్ర పూర్తిగా ఆపేసి పిన్ ఒక్కటే ఉంచుకోండి.

4. స్క్రీన్ గార్డ్ విషయం

అద్దం కిందే సెన్సర్ ఉన్న ఫోన్ అయితే ఇది చదవండి, సెన్సర్ వెనకో పక్కనో ఉంటే దాటేయండి.

2019 అక్టోబరులో సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్10 వాడే ఒక బ్రిటన్ మహిళ, కొత్తగా కొన్న జెల్ స్క్రీన్ గార్డ్ వేశాక తన ఫోన్ ఎవరి వేలికైనా తెరుచుకుంటోందని బయటపెట్టింది. సెన్సర్ ఆ గార్డ్ లోపలి గీతలను వేలి గీతలుగా పొరబడింది. కంపెనీ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది, అప్పటిదాకా గార్డ్ తీసేసి వేళ్లు మళ్లీ చేర్చమని చెప్పింది. దీన్నుంచి మనం పాటించాల్సింది ఇది: గార్డ్ మార్చిన ప్రతిసారీ పాత వేళ్లు తీసేసి కొత్త గార్డ్ మీదే మళ్లీ చేర్చండి, వెంటనే ఇంట్లో ఇంకొకరి చేత వేలు పెట్టించి చూడండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తే వాయిదా వేయకండి.

5. యాప్ యాప్‌కూ వేరు నిర్ణయం

ఫోన్ తెరవడానికి వేలు వాడినంత మాత్రాన ప్రతి యాప్‌కూ వాడాలని లేదు. నా పద్ధతి ఇది.

బ్యాంకు యాప్: ఆ యాప్ సెట్టింగ్స్‌లో బయోమెట్రిక్ లాగిన్ (వేలితో తెరవడం) ఆపేసి, దాని సొంత ఎంపిన్ (ఆ యాప్ తెరిచే పిన్) వాడండి. అప్పుడు ఫోన్ తెరుచుకున్నా ఇంకొక తలుపు మిగిలి ఉంటుంది.

యూపీఐ: పిన్‌కు బదులు ఫోన్ వేలిముద్రతో చెల్లించే వీలును 2025 అక్టోబరులో ప్రవేశపెట్టారు. అది మీరు ఒప్పుకుంటేనే మొదలవుతుంది. ఫోన్‌లో మీ వేళ్లు మాత్రమే ఉన్నాయని ఖాయం చేసుకున్నాకే ఒప్పుకోండి. తొందర లేకపోతే పిన్‌తోనే ఉండండి.

వాట్సాప్: సెట్టింగ్స్, ప్రైవసీ, యాప్ లాక్‌కు వెళ్లండి. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. లాక్ "30 నిమిషాల తర్వాత" అని పెట్టి మర్చిపోతారు, "వెంటనే" అని మార్చండి. నోటిఫికేషన్‌లో సందేశం కనబడే ఆప్షన్ ఆన్‌లోనే వదిలేస్తారు, దాన్ని ఆపకపోతే యాప్‌కు తాళం వేసి ఉత్తరం గుమ్మంలో పెట్టినట్టే.

6. వేలిముద్రను క్షణంలో ఆపడం నేర్చుకోండి

రద్దీలో వెళ్తున్నారు, ఎవరో బలవంతంగా వేలు పెట్టించవచ్చన్న అనుమానం వచ్చింది. అప్పుడు సెట్టింగ్స్‌లో వెతికే టైం ఉండదు.

ఆండ్రాయిడ్: చాలా ఫోన్లలో పవర్ మెనూలో "లాక్‌డౌన్" ఉంటుంది. నొక్కితే ఇక వేలు పనిచేయదు, పిన్ ఒక్కటే. సామ్‌సంగ్‌లో ఇది మొదట దాగి ఉంటుంది, లాక్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవాలి.

ఐఫోన్: పక్క బటన్‌నూ వాల్యూమ్ బటన్‌నూ కలిపి నొక్కి పట్టుకుంటే ఆఫ్ చేసే గీత వస్తుంది. అది వచ్చాక రద్దు చేసినా సరే, పాస్‌కోడ్ లేకుండా తెరుచుకోదు.

ఇవేవీ దొరకని ఫోనా? స్విచాఫ్ చేసి ఆన్ చేయండి. రీస్టార్ట్ అయిన ఏ ఫోనూ పిన్ కొట్టేదాకా వేలిని ఒప్పుకోదు.

అప్పుడప్పుడు ఫోన్ తనంతట తానే "పిన్ కొట్టండి" అంటే హ్యాక్ అయిందని టెన్షన్ పడకండి. ఐఫోన్‌ను 48 గంటలు తెరవకపోయినా, ఆండ్రాయిడ్‌లో పిన్ కొట్టి మూడు రోజులైనా అలా అడగడం మామూలే. మీరు పిన్ మర్చిపోకుండా అదే కాపాడుతోంది.

7. రిపేరుకు ఇచ్చేముందు

"పిన్ చెప్పండి సార్, చెక్ చేయాలి" అంటారు. చెప్పొద్దు. సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. ఆన్ చేసి ఇస్తే బాగుచేసేవాళ్లు ఫోన్ పరీక్షించగలరు, మీ ఫొటోలు, యాప్‌లు కనబడవు. అవి లేని ఫోన్ అయితే మీరు అక్కడే నిలబడి, పిన్ మీరే కొట్టి చూపించండి. రోజులపాటు వదిలి రావాల్సి వస్తే బ్యాకప్ తీసి ఫోన్ చెరిపేసి ఇవ్వండి. తిరిగి తెచ్చుకున్నాక వేళ్ల జాబితా మళ్లీ ఒకసారి చూడండి.

8. ఫోన్ బయట ఉన్న ముద్ర: ఆధార్ బయోమెట్రిక్ లాక్

అసలు ప్రమాదం ఎక్కువ ఇక్కడే. బొటనవేలి ముద్ర మనం ఎన్ని చోట్ల వేశామో లెక్కేసుకోండి. రేషన్ షాపు, సిమ్ కొన్న చోటు, ఆఫీసు హాజరు మిషను, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. పొలమో ఇల్లో రిజిస్ట్రేషన్ అయితే దస్తావేజు మీద ఆ ముద్ర సిరాతో శాశ్వతంగా ఉండిపోతుంది. 2018లో తెలంగాణలో పట్టుబడిన ఒక కేసు ఇదే. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు స్టాంపుల్లాంటివి చేసి, ఆ జనం పేరుమీద వేల సిమ్‌లు యాక్టివేట్ చేశారు. ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో కావాల్సింది బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర. ఓటీపీ అడగదు. పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకుంటాం, బొటనవేలిని మార్చుకోలేం.

చేయాల్సింది:

మొదట, మై ఆధార్ పోర్టల్ లేదా ఎంఆధార్ యాప్ తెరిచి ఆధార్ నంబరు, ఓటీపీతో లోపలికి వెళ్లండి. గూగుల్‌లో వెతికి వచ్చిన మొదటి లింకు నొక్కకండి, ప్రకటనల్లో నకిలీలు ఉంటాయి. యాప్‌ను కూడా యూఐడీఏఐ (ఆధార్ ఇచ్చే సంస్థ) పేరు చూసుకుని ప్లే స్టోర్ నుంచే దించుకోండి.

తర్వాత "లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్" ఎంచుకుని లాక్ చేయండి. దాని దగ్గరే "ఆధార్ లాక్" అని ఇంకొకటి ఉంటుంది. రెండూ ఒకటి కావు. అది నంబరునే మూసేస్తుంది, ఆ తర్వాత ఆధార్ నంబరుకు బదులు వాడే పదహారంకెల వర్చువల్ ఐడీ లేకుండా పనులు జరగవు. తెలియక అది నొక్కి తిప్పలు పడ్డవాళ్లను చూశాను. మీకు కావలసింది బయోమెట్రిక్స్ అన్నదే.

లాక్ అయ్యాక వేలిముద్ర, కంటిపాప, ముఖం మూడూ ఆగిపోతాయి. ఓటీపీతో జరిగే పనులు మామూలుగా జరుగుతాయి.

అవసరం పడినప్పుడు, అంటే రేషన్ తీసుకునేటప్పుడో కొత్త సిమ్‌కో, అక్కడే నిలబడి తాత్కాలికంగా అన్‌లాక్ చేయండి. పది నిమిషాల్లో మళ్లీ దానంతట అదే మూసుకుంటుంది. ఇంట్లో అన్‌లాక్ చేసి షాపుకు బయల్దేరితే క్యూలో మీ వంతు వచ్చేసరికి గడువు అయిపోతుంది. అందరూ చేసే తప్పు ఇదే.

పెద్దవాళ్లకు లాక్ వేసేముందు ఆగి ఆలోచించండి. ఆంధ్రాలో ఒకటో తారీఖున పెన్షన్ ఇవ్వడానికి సచివాలయం ఉద్యోగి ఇంటికి వస్తాడు. ఆధార్‌కు లింకైన ఫోన్ హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న కొడుకు దగ్గర ఉంటే, ఆ సమయానికి అన్‌లాక్ చేసేదెవరు? ఏర్పాటు లేకుండా లాక్ వేస్తే ముసలమ్మ పెన్షన్ ఆగుతుంది. అలాంటివాళ్లకు లాక్ బదులు బ్యాంకు బ్రాంచిలో ఆధార్‌తో డబ్బు తీసే సౌకర్యం ఆపమని రాసి ఇవ్వండి, చాలా బ్యాంకులు ఆపుతాయి. పెన్షన్ కోసం వేలు వేయడానికి అది అడ్డు రాదు. అదే సౌకర్యంతో ఊళ్లోనే బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకునే అలవాటు ఉంటే మాత్రం ముందు వాళ్లను అడగండి.

ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సిన చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, చివరి నాలుగంకెలే కనబడతాయి.

సరిగ్గా అయిందో లేదో ఇలా చూడండి

- మీరు చేర్చని మూడు వేళ్లు ఒక్కొక్కటీ పెట్టండి. తెరుచుకోకూడదు.
- ఇంట్లో ఇంకొకరి చేత వేళ్లు పెట్టించండి. కొన్నిసార్లు తప్పాక ఫోన్ పిన్ అడగాలి, అడిగితే మంచి గుర్తు.
- లాక్‌డౌన్ నొక్కి మీ సొంత వేలు పెట్టండి. పనిచేయకూడదు.
- ఫోన్ తెరిచి పక్కవారికిచ్చి బ్యాంకు యాప్ తెరవమనండి. అక్కడ ఆగిపోవాలి.
- లాక్ స్క్రీన్ మీద వాట్సాప్ సందేశం చదవగలుగుతున్నారేమో చూడండి.
- మై ఆధార్‌లో "అథెంటికేషన్ హిస్టరీ" తెరవండి. గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఎప్పుడు, వేలితోనా ఓటీపీతోనా వాడారో తేదీలతో ఉంటుంది. రేషన్, సిమ్, బ్యాంకు పనులు గుర్తుచేసుకుని ఒక్కో వరుస సరిపోల్చండి. "ఫెయిల్" అని ఉన్న వరుసలు కూడా వదలకండి. మీరు ఇంట్లో ఉన్న రోజు ఎవరో వేలితో ప్రయత్నించి విఫలమయ్యారంటే మీ ముద్ర వాళ్ల చేతిలో ఉందేమోనని అనుమానించాలి.

డబ్బు పోయిందని తెలిస్తే

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ వేసిన రసీదు అడిగి తీసుకోండి. మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా డబ్బు పోయినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే మీ మీద భారం పడకూడదని ఆర్‌బీఐ 2017లో నిబంధన పెట్టింది. రోజులు గడిచేకొద్దీ ఆ రక్షణ తగ్గుతుంది. బయోమెట్రిక్ లాక్ అదే గంటలో వేయండి, వేయడం రాకపోతే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేసి అడగండి. హిస్టరీలో కనబడిన ఆ వరుస స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకు జతచేయండి, తేదీ, సమయం అందులోనే ఉంటాయి.

మా పెద్దత్తయ్య ఫోన్‌లో ఇప్పుడు రెండే వేళ్లు ఉన్నాయి, రెండూ ఆవిడవే. మనవడికి గేమ్ కావాలంటే నానమ్మ దగ్గరికి వచ్చి వేలు పెట్టించుకుంటాడు.